బోనెక్కి ఏం చెప్పాలండీ?

పోయిన నెల కోర్టు సంగతులు ఏమైనా ఉంటే అడగండి అన్నాను. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపి గంపెడు వచ్చాయి. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ప్లీడర్ని కాదు. మేజిస్ట్రేట్ కోర్టుల్లో, సెషన్స్ కోర్టుల్లో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. జడ్జి గారి కుర్చీకి కింద మెట్టు మీద కూర్చుని ఫైళ్ళు అందిస్తూ, వాయిదా తేదీలు రాస్తూ, అందరి మాటలూ వింటూ బతికినవాణ్ణి. అక్కడి నుంచి కనిపించిందే చెప్తాను. మీ కేసులో ఏం చేయాలన్నది మాత్రం మీ ప్లీడరు గారినే అడగండి.

ప్రశ్న: మూడేళ్ళ కిందట మా వీధిలో ప్రహరీ గోడ దగ్గర గొడవై ఒకతని తల పగిలింది. నేను చూశాను. పోలీసులు అడిగితే చెప్పాను, రాసుకున్నారు. ఇప్పుడు కానిస్టేబుల్ వచ్చి సమన్లు ఇచ్చి వెళ్ళాడు. నేను ఎల్.డబ్ల్యూ. 4 అట. వెళ్ళకపోతే ఏమవుతుంది? వెళ్తే ఏమవుతుంది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దు, తణుకు)

జవాబు: వెళ్ళకపోతే మొదట మామూలు వారంటు, అప్పటికీ కదలకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది, అప్పుడు అదే కానిస్టేబుల్ మిమ్మల్ని వెంటబెట్టుకుని తీసుకెళ్తాడు. వెళ్తే ఒక పూట పోతుంది. ఒక్కోసారి జడ్జి గారు సెలవులో ఉండో, అవతలి ప్లీడరు వాయిదా అడిగో రెండు మూడు పూటలూ పోతాయి. అంతకుమించి మీకేమీ కాదు. మీరు ముద్దాయి కాదు, సాక్షి.

ముందు ఆ నంబరు సంగతి. పోలీసులు దర్యాప్తు ముగించి కోర్టులో చార్జిషీటు వేస్తారు, దాని వెనక సాక్షుల జాబితా ఉంటుంది. అందులో మీరు నాలుగోవారు, అందుకే ఎల్.డబ్ల్యూ. 4, అంటే లిస్ట్ విట్నెస్, జాబితాలోని సాక్షి అని. బోనెక్కి ప్రమాణం చేశాక మీ నంబరు మారుతుంది, ప్రాసిక్యూషన్, అంటే ముద్దాయి మీద కేసు నడిపే ప్రభుత్వ పక్షం తరఫున ఎన్నో సాక్షిగా ఎక్కితే ఆ సంఖ్యతో పీ.డబ్ల్యూ. (ప్రాసిక్యూషన్ విట్నెస్) అవుతారు. ముద్దాయిలు ఏ1, ఏ2. ఇది పేపర్లు చదివేవాళ్ళందరికీ తెలిసిందే. కాగితాలకు ఎగ్జిబిట్ పీ1, పీ2 అని, కర్రా కత్తీ లాంటి వస్తువులకు ఎం.ఓ.1, ఎం.ఓ.2 అని గుర్తులు వేస్తారు. ఇన్ని నంబర్లు వినేసరికి కొత్తవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి గానీ ఫైలు వెతుక్కునే మాలాంటివాళ్ళ సౌకర్యం కోసమే ఇదంతా.

ఉదయం పదిన్నరకల్లా వెళ్ళండి. అప్పుడు కాల్ వర్క్ నడుస్తుంది, అంటే ఆ రోజు కేసులన్నీ వరసగా పిలిచి ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసుకోవడం. అటెండరు వరండాలోకి వచ్చి పేర్లు గట్టిగా అరుస్తాడు, ఆ చెవులు చిల్లులు పడే పిలుపుకే సగం మందికి గుండె దడ పుడుతుంది. మీ పేరు పిలవగానే లోపలికెళ్ళి నమస్కారం పెట్టి నిలబడండి, చాలు. హాల్లో నల్లకోట్లు చాలా కనిపిస్తాయి, అందరూ మీ కేసు వాళ్ళు కారు. మీరు చూసుకోవాల్సింది ఇద్దరిని. ఒకరు ప్రాసిక్యూషన్ తరఫు ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు, సెషన్స్ కోర్టైతే పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు. రెండోవారు ముద్దాయి ప్లీడరు. జడ్జి గారి పక్కన టైపు చేసేది స్టెనో, కింద ఫైళ్ళతో కుస్తీ పడేది నాలాంటి బెంచి క్లర్కు, స్టేషన్ నుంచి వచ్చి సాక్షుల్ని లెక్కపెట్టుకునేది కోర్టు కానిస్టేబుల్. అతన్ని పట్టుకుంటే మీ పని ఎన్నింటికి వస్తుందో చెప్తాడు. మీకన్నా ముందు సాక్షి చెబుతున్నప్పుడు మిమ్మల్ని హాలు బయట ఉండమంటారు, చిన్నబుచ్చుకోకండి, ఒకరి మాట విని ఇంకొకరు చెప్పకుండా ఉండేందుకు అది.

మొదట ప్రమాణం. ఆ తర్వాత చీఫ్, అంటే ఏపీపీ గారు మీచేత జరిగింది చెప్పించడం. ఆయన జవాబు మీ నోటికి అందించకూడదు, 'ఏ1 కర్రతో కొట్టాడు కదా' అనకూడదు, 'ఆ రోజు ఏం చూశారు' అని మాత్రమే అడగాలి. అందుకని మీరే వరసలో చెప్పుకుంటూ పోవాలి. చూసింది చెప్పండి, విన్నది వేరు. 'మా బావమరిది చెప్పాడండీ' అని మొదలుపెడితే అవతలి ప్లీడరు వెంటనే లేస్తాడు.

తర్వాత క్రాస్. అందరూ భయపడేది దీనికే. ముద్దాయి ప్లీడరుకు జవాబు నోటికందించే ప్రశ్న అడిగే హక్కు ఉంటుంది, 'అప్పుడు చీకటిగా ఉంది కదా', 'మీకూ ఫిర్యాదుదారుకూ చుట్టరికం ఉంది కదా' అని గుక్క తిప్పుకోనివ్వకుండా అడుగుతారు. ఆయన మీ మీద పగబట్టలేదు, అది ఆయన పని. చివర్లో కొన్ని సూచనలు వేస్తారు: 'మీరు అసలు ఘటన చూడనే లేదు, పోలీసులు చెప్పమన్నట్టు చెబుతున్నారు అంటున్నాను, ఏమంటారు?' కొత్తవాళ్ళు ఇక్కడ కోపం తెచ్చుకుని ప్లీడరుతో గొడవకు దిగుతారు. నిజం కాకపోతే 'నిజం కాదండి' అంటే సరిపోతుంది. ఈ ప్రశ్న దాదాపు ప్రతి సాక్షికీ వేస్తారు, మీ ఒక్కరికే కాదు.

'పొద్దున్న ఏపీపీ గారితో మాట్లాడారా?' అని కూడా అడగొచ్చు. మాట్లాడి ఉంటే మాట్లాడానని చెప్పండి. కేసు ఏమిటో గుర్తు చేయించుకోవడం తప్పు కాదు, ఇలా చెప్పు అని నేర్పించుకోవడం తప్పు. చాలామంది ఇక్కడ అనవసరంగా 'లేదండీ' అనేసి, తర్వాత నిజం చెప్పినా నమ్మని పరిస్థితి తెచ్చుకుంటారు.

మూడేళ్ళ కిందటి సంగతి మరిచిపోతే? గుర్తులేదని చెప్పండి. గుర్తున్నదానికి గుర్తులేదనడం తప్పు, గుర్తులేనిదాన్ని అల్లడం ఇంకా పెద్ద తప్పు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద మీ సంతకం ఉండదు, చట్టమే సంతకం తీసుకోవద్దంటుంది. అది సాక్ష్యం కాదు, మీరు బోనులో చెప్పిందే సాక్ష్యం. కాకపోతే అప్పుడు చెప్పని పెద్ద విషయం ఇప్పుడు కొత్తగా చెబితే 'ఈ మాట పోలీసులకు చెప్పలేదు కదా' అని పట్టుకుంటారు. చిన్న చిన్న తేడాలకు మాత్రం కేసులు పోవు. నా ముందు ఒక పెద్దాయన, ఘటన ఎంత దూరంలో జరిగిందని అడిగితే 'చుట్ట సగం కాలేంత దూరం' అన్నాడు. ప్లీడరు మీటర్లలో చెప్పమని గద్దించాడు. జడ్జి గారు నవ్వి, 'తాతా, ఇక్కణ్ణుంచి ఆ వేపచెట్టంత ఉంటుందా?' అని అడిగి, దాన్నిబట్టి దూరం రాయించారు. మీకు తెలిసిన కొలతల్లో చెప్పండి, ఇంగ్లీషులో రాసుకునే బాధ వాళ్ళది.

అన్నట్టు, ఇది చాలామందికి తెలియదు. మీరు తెలుగులో చెబుతారు, జడ్జి గారు విని స్టెనోకి చాలాచోట్ల ఇంగ్లీషులో చెప్పి రాయిస్తారు. అయిపోయాక అది మీకు చదివి వినిపించాలి, మీ భాషలో అర్థమయ్యేలా చెప్పాలి, తప్పుంటే మీరు చెప్పొచ్చు. రద్దీగా ఉండే కోర్టుల్లో 'సంతకం పెట్టు, పద' అనే హడావుడి ఉంటుంది, నేనూ ఆ పాపంలో పాలు పంచుకున్నవాణ్ణే. మొహమాటపడకుండా 'ఒకసారి చదివి చెప్పండి సార్' అనండి. వెళ్ళేముందు సాక్షి బత్తా సంగతి కూడా అడగండి, బస్సు ఖర్చులకు ప్రభుత్వం ఇచ్చేది. తక్కువే గానీ మీ హక్కు.

ప్రశ్న: కేసు పెట్టింది నేను. దెబ్బలు తిన్నది నేను. కోర్టులో మాత్రం నేను పెట్టుకున్న వకీల్ సాబ్‌ను మాట్లాడనిస్తలేరు. పీపీ గారేమో నా మొహం కూడా సరిగ్గా చూడలేదు. ఇదేం న్యాయం? (సిద్దిపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ బాధ అర్థమైంది. కానీ కేసు పేరు చూడండి, 'స్టేట్' వర్సెస్ ముద్దాయి అని ఉంటుంది, మీ పేరు ఉండదు. నేరం మీ మీద జరిగినా, లెక్క ప్రకారం అది సమాజం మీద జరిగినట్టు, అందుకని కేసు నడిపేది ప్రభుత్వం. పీపీ మీ వకీలు కాదు. పోలీసుల వకీలు కూడా కాదు, ఈ ముక్క పోలీసులకూ అప్పుడప్పుడూ గుర్తు చేయాల్సి వస్తుంది. ఆయన పని శిక్ష వేయించడం కాదు, ఉన్న సాక్ష్యం ఉన్నట్టు కోర్టు ముందు పెట్టడం. మీ వకీలు పీపీకి సాయం చేయొచ్చు, కోర్టు అనుమతిస్తే సాక్ష్యమంతా అయ్యాక రాతపూర్వకంగా వాదనలు ఇవ్వొచ్చు. లేచి సాక్షిని ప్రశ్నలడిగే అధికారం మామూలుగా ఆయనకు లేదు. అంచేత మీ వకీలును ఖాళీగా కూర్చోబెట్టకండి, ఏ సాక్షిని ఏం అడగాలో నోట్ రాయించి పీపీ గారికి వాయిదా ముందు రోజే ఇప్పించండి. ఒక్కో పీపీ చేతిలో రోజుకు ఎన్నో ఫైళ్ళు ఉంటాయి, మీ ఫైలు ఆయన బోను దగ్గరే మొదటిసారి తెరిచినా నేను ఆశ్చర్యపోను. ఇక కేసు కొట్టేస్తే మీ చేతులు కట్టేసినట్టేం కాదు. 2009 చివరి నుంచి బాధితులకు కూడా సొంతంగా అప్పీలు వేసుకునే హక్కు వచ్చింది, 2024 జులైలో పాతదాని స్థానంలో వచ్చిన కొత్త నేర విచారణ చట్టంలోనూ అది ఉంది.

ప్రశ్న: కోర్టుల్లో జడ్జి గారు సుత్తి కొట్టి 'ఆర్డర్ ఆర్డర్' అంటారా? భగవద్గీత మీద చెయ్యి పెట్టిస్తారా? (ఇంటర్ విద్యార్థిని, నంద్యాల)

జవాబు: నా సర్వీసు మొత్తంలో ఒక్క సుత్తి కూడా చూళ్ళేదు తల్లీ. మన జడ్జీలు సుత్తి వాడరు, కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూస్తే హాలు నిశ్శబ్దం. గీతా లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు మీద గానీ, దేవుణ్ణి నమ్మనివాళ్ళు అంతఃకరణ సాక్షిగా గానీ నిజమే చెబుతానని పలికితే చాలు, ఏ పుస్తకం మీదా చెయ్యి పెట్టక్కర్లేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు నిజం చెప్పాలని తెలిసి ప్రమాణం అంటే తెలియకపోతే అది కూడా లేకుండానే చెప్పించొచ్చు. 'మై లార్డ్' సంగతి కూడా అడిగేస్తావని చెప్పేస్తున్నా. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింది కోర్టుల్లో 'సర్' అంటే సరిపోతుందని చెప్పింది. సాక్షులైతే 'అయ్యా' అన్నా ఎవరూ ఏమీ అనరు. చివరి నిమిషంలో తలుపు తోసుకుని వచ్చే సాక్షి కూడా సినిమాల్లోనే. ఇక్కడ జాబితాలో లేని సాక్షి కావాలంటే పిటిషన్ వేయాలి, అవతలివాళ్ళు కౌంటరు వేయాలి, దానికి మళ్ళీ ఇంకో వాయిదా.

ప్రశ్న: నేరం చేశానని పోలీసుల ముందు ఒప్పుకున్నాడని పేపర్లో వచ్చాక ఇంకా సంవత్సరాల తరబడి విచారణ ఎందుకండీ? నేరుగా శిక్ష వేయొచ్చుగా? (ఆటో డ్రైవర్, ఖమ్మం)

జవాబు: ముందు మాటల తేడా చూద్దాం. పేపర్లలో 'పోలీసులు విచారణ చేపట్టారు' అని రాస్తారు, అది దర్యాప్తు. విచారణ అంటే కోర్టులో జరిగేది. ఈ రెండూ ఒకటే అనుకోబట్టే మీ ప్రశ్న వచ్చింది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ అంతే, కొత్త సాక్ష్య చట్టంలోనూ అంతే. ఎందుకో స్టేషన్లో రాత్రి గడిపినవాళ్ళను అడిగితే తెలుస్తుంది. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరికిన దానికి సంబంధించినంత మేరకు మాత్రం పనికొస్తుంది. 'ఫలానా బావిలో పారేశాను' అని కత్తి చూపిస్తే ఆ ముక్క వరకూ అన్నమాట.

పోలీసులకు కాకుండా వేరే వాళ్ళకు రాసిచ్చినా విచారణ తప్పదు. సత్యం కంప్యూటర్స్ కేసు గుర్తుందా? 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారే లెక్కలు తప్పని కంపెనీ బోర్డుకు ఉత్తరం రాశారు, దేశమంతా చదివింది. తీర్పు వచ్చింది 2015 ఏప్రిల్ 9న. మధ్యలో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 200 మందికి పైగా సాక్షుల్ని విని, దాదాపు 3,000 పత్రాలు చూసింది. ఆ లెక్కలు ఎవరు ఎలా మార్చారు, ఎవరికి ఎంత తెలుసు అన్నది ఒక ఉత్తరంతో తేలదు కదా, అందులోనూ ముద్దాయిలు పదిమంది. ఆ పదిమందికీ ఏడేళ్ళ శిక్ష పడింది, నెల తిరక్కుండానే... కాదు, నెల దాటిన రెండ్రోజులకే పై కోర్టు శిక్ష అమలు ఆపి బెయిల్ ఇచ్చింది. అప్పీలు అనేది కూడా ఈ కథలో భాగమే.

ఇదే ఊపులో సాక్షులు అడ్డం తిరగడం గురించి అడిగిన ముగ్గురికీ కలిపి చెప్తాను. సాక్షి పోలీసులకు ఒకటి చెప్పి బోనులో ఇంకొకటి చెబితే పీపీ గారు కోర్టు అనుమతితో తన సాక్షినే క్రాస్ చేస్తారు, హోస్టైల్ అయ్యాడంటారే, అదే. అయినంతమాత్రాన అతను చెప్పిందంతా చెత్తబుట్టలో వేయరు, నమ్మదగ్గ ముక్క ఉంటే తీసుకుంటారు. 2015లో వినోద్ కుమార్ కేసులో సుప్రీంకోర్టుకు కోపం వచ్చింది ఇందుకే: లంచం కేసులో ఒక సాక్షి చీఫ్‌లో చక్కగా చెప్పాడు, క్రాస్ 20 నెలలు వాయిదా పడింది, ఆ తర్వాత మాట మార్చాడు. 20 నెలల్లో ఒక మనిషిని ఎంతమంది కలుస్తారో, ఏమేం చెబుతారో వేరే చెప్పాలా! చీఫ్ అయిన రోజే క్రాస్ కూడా అయిపోవాలని ఆ తీర్పులో గట్టిగా చెప్పారు. నా అభిప్రాయం అడిగితే, కేసులు పోయేది చట్టంలో లోపాల వల్ల కంటే ఇలా మధ్యలో వచ్చే గ్యాపుల్లోనే ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి ఒక కొట్లాట కేసులో ఏ3. ప్రతి వాయిదాకీ వెళ్ళాలా? ప్రైవేటు కంపెనీలో పని, సెలవు ఇవ్వరు. ప్లీడరుకు ఇచ్చుకునే స్తోమత కూడా లేదు. (ఒక తల్లి, అనకాపల్లి)

జవాబు: వెళ్ళాలమ్మా. మరీ వీలుకాని రోజు ప్లీడరు ద్వారా గైర్హాజరు పిటిషన్ వేయించాలి, పాత సెక్షన్ నంబరుతో 317 పిటిషన్ అని ఇప్పటికీ అంటుంటారు. కోర్టు ఒప్పుకుంటే ఆ రోజుకు సరిపోతుంది. చెప్పకుండా మానేస్తే వారంటు వస్తుంది, దాన్ని రీకాల్, అంటే రద్దు చేయించుకోవడానికి ఒక రోజు పనికి బదులు నాలుగు రోజులు పోతాయి. మీవాడు తప్పనిసరిగా ఉండాల్సిన రోజులు కొన్ని ఉన్నాయి. అభియోగాలు చదివి వినిపించి 'నేరం ఒప్పుకుంటున్నావా?' అని అడిగే రోజు ఒకటి. సాక్షి 'వీళ్ళే కొట్టింది' అని గుర్తుపట్టాల్సిన రోజు. ప్రాసిక్యూషన్ సాక్షులందరూ అయ్యాక, వాళ్ళు నీకు వ్యతిరేకంగా ఇలా చెప్పారు, నువ్వేమంటావు అని జడ్జి గారు స్వయంగా అడిగే రోజు. దీన్నే మా వాళ్ళు 313 ఎగ్జామినేషన్ అంటారు. అప్పుడు ప్రమాణం ఉండదు, జవాబు చెప్పకుండా ఉన్నా శిక్షించరు. కానీ చాలామంది అన్నిటికీ 'అబద్ధం, అబద్ధం' అని వచ్చేస్తారు, చెప్పుకోవాల్సిన సంగతి ఉన్నా చెప్పరు. ఆ రోజు ఏం చెప్పాలో ముందే ప్లీడరుతో కూర్చుని మాట్లాడుకోమనండి. ఆఖరున తీర్పు రోజు.

డబ్బు గురించి బెంగ పెట్టుకోకండి. మండల న్యాయ సేవాధికార కమిటీ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్ళకు ఉచితంగా ప్లీడర్ని పెడతారు. ఆడవాళ్ళకూ, ఎస్సీ ఎస్టీలకూ, జైల్లో ఉన్నవాళ్ళకూ ఆదాయంతో పనే లేదు. ఒకటి గుర్తుంచుకోండి, మీవాడు నిర్దోషినని నిరూపించుకోనక్కర్లేదు. సందేహానికి తావు లేకుండా నేరం రుజువు చేయాల్సింది అవతలివాళ్ళు.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో సిటిజన్. దానికి జ్యూరీ డ్యూటీ అని కాగితం వచ్చింది. అదేమిటి, మన దగ్గర ఎందుకు లేదు? (రిటైర్డ్ టీచర్, గుంటూరు)

జవాబు: అక్కడ నేరం చేశాడా లేదా అన్నది మామూలు పౌరులు తేలుస్తారు, పెద్ద నేరాల్లో అందరూ ఏకాభిప్రాయానికి రావాలి. శిక్ష ఎంతన్నది మామూలుగా జడ్జి చూస్తారు. మనకూ ఉండేది మాస్టారూ. 1959లో బొంబాయిలో నానావతి అనే నేవీ అధికారి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసులో తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జికి అది మింగుడు పడక హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు సరే అంది. ఆ ఒక్క కేసుతోనే జ్యూరీ పోయిందని చెప్పుకుంటారు గానీ, అప్పటికే చాలాచోట్ల తీసేస్తూ వచ్చారు, 1973 నేర విచారణ చట్టంతో పూర్తిగా పోయింది. పార్సీల పెళ్ళి తగాదాల్లో మాత్రం జ్యూరీలాగే జడ్జికి తోడుగా డెలిగేట్లనేవాళ్ళు ఇంకా కూర్చుంటారు.

ప్రశ్న: ఏ సంబంధం లేకుండా ఊరికే కోర్టుకెళ్ళి కూర్చుని చూడొచ్చా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: నిరభ్యంతరంగా. చట్టం ప్రకారం అది అందరికీ తెరిచి ఉన్న చోటు. అత్యాచారం, పోక్సో కేసుల్లో మాత్రం బయటికి పంపేస్తారు. ఫోన్ స్విచాఫ్ చేయి, వెనక బెంచీలో కూర్చో. పొద్దున్నే వెళ్తే వాయిదాలు తప్ప ఏమీ కనపడవు, కాల్ వర్క్ అయ్యాక సాక్ష్యం మొదలైనప్పుడు వెళ్ళు. జడ్జి గారు చూసి ఎందుకొచ్చావని అడిగితే 'చూద్దామని వచ్చానండి' అను. నేను చూసినంతలో ఆ జవాబుకు ఎవరూ కోప్పడలేదు, ఒకాయనైతే ముందు బెంచీలోకి రమ్మన్నారు.